పెరటి చెట్టూ, ఫ్రిజ్‌లో వెనక అరా

మా ఇంట్లో తిండిని రెండుసార్లు పారేస్తాం. మొదటిసారి ఫ్రిజ్‌లోకి, రెండోసారి చెత్తబుట్టలోకి. మొదటిదానికి దాచడం అని పేరు పెట్టుకున్నాం కాబట్టి అదీ పారేయడమేనని ఎవరికీ తట్టదు.

నాకు మాత్రం ఒక గాజుగిన్నె కడుగుతుంటే తట్టింది. అంతకు వారం ముందు వండిన కూర రెండు గరిటెలు మిగిలితే అందులో తీశాను. పారేయడానికి చేయి రాలేదు. మూతపెట్టి ఫ్రిజ్ పై అరలో పెట్టాను. మర్నాడు దాని ముందుకు పాలగిన్నె వచ్చి కూర్చుంది. ఆ మర్నాడు సగం కోసిన క్యాబేజీ వచ్చింది. నాలుగో రోజు ఇంకేదో వెతుకుతుంటే గిన్నె చేతికి తగిలింది కూడా. "రేపు చూద్దాంలే" అనుకుని వెనక్కి నెట్టాను. ఏడో రోజు మూత తీసి, వాసన చూసి, "అయ్యో, పాడైపోయిందే!" అంటూ చెత్తబుట్టలో వంచేశాను.

ఆ "అయ్యో"లో బాధ పెద్దగా లేదు. నిజం చెప్పాలంటే మనసు కాస్త తేలికపడింది. బాగున్న కూరని పారేస్తే తప్పు నాది. పాడైన కూరని పారేస్తే తప్పెవరిది? ఎవరిదీ కాదు. ఆ రెండు గరిటెలూ నేను తినడానికి దాచలేదు. పారేసినా ఎవరూ ఏమీ అనడానికి లేని స్థితికి అవి వచ్చేదాకా దాచానంతే. ఫ్రిజ్ ఆ పనిని చల్లగా, చప్పుడు లేకుండా చేసిపెట్టింది.

ఆ తర్వాత ఒక నెలపాటు ఫ్రిజ్ పక్కన చిన్న నోట్‌బుక్ వేలాడదీశాను. పారేసిన ప్రతిదీ అందులో రాయాలి. ఏమిటి, ఎంత, ఎందుకు అని మూడు గళ్ళు. మొదటి రెండూ రాయడం తేలికే. మూడో గడి దగ్గర ఇంట్లో అందరికీ పెన్ను ఆగిపోయేది. "పాడైంది" అని రాయకూడదని ముందే షరతు పెట్టాను మరి. పాడవడం జరిగిన సంగతి, ఎందుకు పాడవనిచ్చామన్నది కదా కారణం. నెలాఖరున తిరగేస్తే కారణాలు తిప్పి తిప్పి నాలుగే కనిపించాయి. ఉందని తెలీదు. ఎక్కువ తెచ్చాం. ఎక్కువ వండాం. నాలుగోది అన్నిటికన్నా ఎక్కువసార్లు నా చేతిరాతలోనే ఉంది: ఉందని తెలుసు, తినాలనిపించలేదు.

మొదటి మూడింటికీ మందులు చెప్పేవాళ్ళు బోలెడుమంది. లిస్టు రాసుకుని వెళ్ళండి, వారానికి సరిపడా మెనూ వేసుకోండి, డబ్బాలకి లేబుళ్ళు అంటించండి. మంచి సలహాలే. కానీ నాలుగోదాన్ని ముట్టుకోకుండా ఆ మూడూ ఎంత చేసినా, చక్కగా లేబుల్ అంటించిన డబ్బాలో కూర పాడవుతుంది. అంతే తేడా.

అంకెలు కొన్ని చెప్పి ముందుకెళ్తాను. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా ఇళ్ళు, హోటళ్ళు, దుకాణాలు కలిపి 105 కోట్ల టన్నుల ఆహారాన్ని పారేశాయి. అందులో 60 శాతం ఇళ్ళ వాటా. హోటళ్ళు, క్యాంటీన్లది 28 శాతం, దుకాణాలది 12 శాతం. నేను దీన్ని సరిగ్గా తలకిందులుగా ఊహించుకున్నాను. పెద్ద పెద్ద హోటళ్ళు, విందులు, సూపర్‌మార్కెట్లు తగలేస్తున్నాయి గానీ మన వంటింట్లో ఏముందిలే అనుకున్నాను.

105 కోట్ల టన్నులంటే బుర్రలో ఏ బొమ్మా కట్టదు. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది: ఇళ్ళలో పారేసేది మనిషికి ఏడాదికి 79 కిలోలు. వారానికి కిలోన్నర. నలుగురున్న ఇంట్లో ఆరు కిలోలు. ఆరు కిలోల సంచీ మెట్లెక్కి మోసుకొస్తే వేళ్ళ మీద పడే గీతలు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. తొక్కలు, ఎముకలు లాంటి తినడానికి వీల్లేనివి కూడా ఈ లెక్కలో కలిసే ఉన్నాయి, ఆ మాట దాచడం న్యాయం కాదు. ఇంతకన్నా నన్ను ఆపిన విషయం వేరే. బాగా డబ్బున్న దేశాలకీ, మధ్యస్థ ఆదాయ దేశాలకీ మధ్య ఈ ఇంటి వృథాలో తేడా సగటున మనిషికి ఏడాదికి 7 కిలోలే. కాబట్టి ఇది కలిగినవాళ్ళ జబ్బు అని పక్కకి నెట్టేయడానికి లేదు.

ఇక్కడ చాలామంది ఆకలి మాట ఎత్తుతారు. ఆ 2022లోనే ప్రపంచంలో 69 నుంచి 78 కోట్ల మంది దాకా ఆకలితో ఉన్నారని ఐక్యరాజ్యసమితి అంచనా. నిజమే, తలుచుకుంటే కడుపులో దేవినట్టవుతుంది. కానీ "అంతమంది తిండి లేక అల్లాడుతుంటే నువ్వు వదిలేస్తావా" అన్న మాట వింటూ పెరిగిన నాకు ఒక సంగతి అర్థమైంది. ఆ మాట నా చేత మిగిలింది తినిపించలేదు, మిగిలినదాన్ని దాచేలా చేసింది. తప్పు చేస్తున్నామన్న బెరుకు ఉన్న చోట మనిషి సాక్ష్యం దాచుకుంటాడు. వెనక అరలోని గిన్నె అలాంటి సాక్ష్యమే. అందుకే నా వాదన ఇది: ఇంట్లో తిండి వృథా కావడానికి సిగ్గు లేకపోవడం కారణం కాదు, సిగ్గే కారణం. ఆ సిగ్గే లేకపోతే ఆ రాత్రే "ఇది ఎవరైనా తింటారా? తినరా? సరే, రేపటినుంచి తక్కువ వండుదాం" అని తేల్చేసేవాళ్ళం.

ఇదే సిగ్గు ఇంకో ముసుగులో కూడా వస్తుంది. ప్రతి ఇంట్లో మిగిలింది తినే మనిషి ఒకరుంటారు. ఎక్కువగా వండిన మనిషే. అందరూ లేచాక గిన్నెలు సర్దుతూ, కడుపు నిండినా, "ఇంతేగా, దీనికోసం ఇంకో గిన్నె ఎందుకు" అంటూ ఆ మిగిలిన రెండు ముద్దలూ నోట్లో వేసుకుంటారు. దీన్ని పొదుపు అని మెచ్చుకోవడం నాకు అస్సలు నచ్చదు. అవసరం లేని తిండి చెత్తబుట్టలో పడినా ఒకటే, అవసరం లేని కడుపులో పడినా ఒకటే. పైగా ఆ రెండు ముద్దలూ లెక్కలోకి రావు. అందుకే మర్నాడూ అంతే వండుతారు.

సరే, ఆ నాలుగో కారణానికి వస్తాను.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఫ్రిజ్‌లో ఉన్న క్యారెట్టుకీ అదే గతి. దుకాణంలో చూసినప్పుడు నోరూరించిన క్యారెట్ ఇదే. మూడు రోజులు ఇంట్లో ఉండేసరికి మనదైపోయింది, చులకనైపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి "ఈ రోజు ఏం తినాలనుంది?" అని అడుగుతాం. ఆ ప్రశ్నకి జవాబు ఎప్పుడూ ఇంట్లో లేనిదే. వెంటనే ఫోన్‌లో వంట వీడియో తెరుస్తాం. వంట వీడియో అంటే ఏమిటి? మన ఇంట్లో లేని వస్తువుల జాబితా. దానికోసం బయటికెళ్ళి ఒక కట్ట కొత్తిమీర తెస్తాం, చిటికెడు వాడతాం. పెద్ద సీసా సాస్ తెస్తాం, రెండు చెంచాలు వాడతాం. ఆ వంట కుదిరినా కుదరకపోయినా, మిగిలిన కట్టా సీసా మాత్రం వెనక అరకి చేరతాయి.

ప్రశ్న మార్చి చూశాను. "ఏం తినాలనుంది?" బదులు "ఏం ఉంది?" అని. మొదట్లో చప్పగా అనిపించింది, ఒప్పుకుంటాను. వంట రాని మనిషికి ఇది కష్టం కూడా. వీడియో చూసి చేసేటప్పుడు చెప్పింది చేస్తే చాలు. ఉన్నదాంతో చేసేటప్పుడు తర్కం తెలియాలి. కానీ ఆ తర్కం అనుకున్నంత పెద్దది కాదు. ఏది దొరికినా కలుపుకునే వంటకాలు ప్రతి ఇంటికీ నాలుగైదు ఉంటాయి. సూప్ ఉంది, దాంట్లో వాడిపోయిన ఏ కూరగాయైనా వెళ్తుంది. గుడ్ల అట్టు ఉంది, నిన్నటి కూర రెండు చెంచాలు మధ్యలో మడతేస్తే అదో కొత్త వంటకం. అన్నమో నూడుల్సో వేయించడం ఉంది. బ్రెడ్ మధ్య పెట్టి కాల్చడం ఉంది. వీటిల్లో దేనికీ కొలతలు లేవు. కడుపు నింపేది ఒకటి, కూరగాయ ఏదో ఒకటి, పులుపో కారమో ఒకటి, కరకరలాడేది దొరికితే ఒకటి. నిన్నటి కూర చప్పబడిందంటే చాలాసార్లు దానికి కావలసింది కాస్త నిమ్మరసం. రాత్రి నీరసంగా ఉన్నది పొద్దున్న పులుపు తగిలితే లేచి కూర్చుంటుంది.

ముఖ్యంగా మిగిలినదాన్ని మిగిలినట్టే వడ్డించకూడదు. అదే గిన్నె, అదే రూపం, అదే రుచి రెండోరోజు బల్ల మీదికొస్తే పిల్లలే కాదు, నేనూ మొహం తిప్పుకుంటాను. రూపం మారాలి. ఇది మోసం కాదు, వంటంటేనే అది.

ఇంకో చిన్న మార్పు ఎక్కువ పనిచేసింది. బజారుకి వెళ్ళే రోజుకి ముందు రోజు మా ఇంట్లో కొత్తగా ఏదీ కొనం, ఉన్నదాంతోనే వండుతాం. ఫ్రిజ్ దాదాపు ఖాళీ అయ్యాక బజారుకి వెళ్తే రెండు లాభాలు. ఏం లేదో స్పష్టంగా తెలుస్తుంది, తెచ్చినవి పెట్టడానికి ముందున్నవాటిని వెనక్కి నెట్టాల్సిన పనుండదు. నిండుగా ఉన్న ఫ్రిజ్‌ని చూస్తే ఇల్లు కళకళలాడుతున్నట్టు ఉంటుంది, నాకూ ఆ పిచ్చి ఉండేది. ఇప్పుడు ఖాళీ అర చూస్తే హాయిగా ఉంటోంది. బయల్దేరే ముందు ఫ్రిజ్ లోపల ఫోన్‌తో ఒక ఫొటో తీస్తాను. లిస్టు రాసుకునే ఓపిక లేని నాలాంటివాళ్ళకి అది చాలు.

వస్తువు ఎందుకు పాడవుతుందో కాస్త తెలిసినా సగం గొడవ తీరుతుంది. బ్రెడ్ ఫ్రిజ్‌లో పెడితే తాజాగా ఉంటుందని నేను ఏళ్ళ తరబడి నమ్మాను. ఫ్రిజ్ చలికి బూజు ఆలస్యమవుతుంది, నిజమే, కానీ బ్రెడ్‌లోని పిండిపదార్థం ఆ చలిలో బయటికన్నా త్వరగా గట్టిపడుతుంది. రెండు రోజుల్లో తినేస్తే బయటే ఉంచాలి, లేకపోతే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టాలి. గట్టిపడ్డ బ్రెడ్‌ని వేడి చేస్తే మళ్ళీ మెత్తబడుతుంది, అది పాడవలేదు. బంగాళదుంపలకి కూడా ఫ్రిజ్ పడదు, చలికి వాటిలో పిండి చక్కెరగా మారుతుంది. వాటి పక్కన ఉల్లిపాయలు పోస్తే రెండూ త్వరగా చెడతాయి. యాపిల్, అరటి, టమాటా లాంటివి పండుతూ ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. దాని పక్కనున్న ఆకుకూర పసుపెక్కిపోతుంది. రెండింటినీ వేరే అరల్లో పెడితే చాలు. వడలిన క్యారెట్టూ, ఆకుకూరా చాలాసార్లు పాడైనవి కావు, నీళ్ళు కోల్పోయినవి. చల్లటి నీళ్ళలో కాసేపు వేస్తే బిగిసి లేస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు గారడీలా అనిపించింది. ఫ్రిజ్‌లో అరటిపండు తొక్క నల్లబడితే భయపడనక్కర్లేదు, లోపలి పండు చాలావరకు బాగానే ఉంటుంది. పాలని ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో పెట్టాలి, తలుపు తెరిచిన ప్రతిసారీ వేడిగాలి ముందు తగిలేది అక్కడే.

ప్యాకెట్ మీద తేదీ సంగతి వేరే చెప్పాలి. "ఎక్స్‌పైరీ అయిపోయింది" అంటూ మనం పారేసేవాటిలో కొన్నింటి మీద నిజానికి రాసి ఉండేది "బెస్ట్ బిఫోర్". అది రుచికీ, నాణ్యతకీ సంబంధించిన తేదీ. ఆ తేదీ దాటాక బిస్కెట్టు కరకర తగ్గొచ్చు గానీ విషమైపోదు. "యూజ్ బై" అని ఉంటే అది భద్రత తేదీ, దాన్ని దాటకూడదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు చూసే కోడెక్స్ సంస్థ 2018లో లేబుళ్ళ ప్రమాణాన్ని సవరించినప్పుడు ఈ రెండింటినీ విడివిడిగా నిర్వచించింది. ఒక మాట నాణ్యత గురించి, ఒక మాట ప్రాణం గురించి. రెండూ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే మూలన అచ్చేస్తే జనం తికమక పడక ఏం చేస్తారు? ఈ విషయంలో తప్పంతా ఇంటివాళ్ళదని నేనొప్పుకోను.

ఇప్పుడు నా మీద నేనే ఒక ఫిర్యాదు చేసుకోవాలి. నోట్‌బుక్ పెట్టిన కొత్తలో నాకు పూనకం వచ్చింది. ఏదీ పారేయనివ్వను. ఒక రాత్రి అన్నం గిన్నె ఫ్రిజ్‌లో పెట్టడం మర్చిపోయాం, తెల్లవార్లూ పొయ్యి పక్కనే ఉంది. "వేయిస్తే ఏమీ కాదు, వేడికి అన్నీ చస్తాయి" అని శాస్త్రం చెప్పి మరీ వేయించుకుని తిన్నాను. మధ్యాహ్నానికి వాంతులు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

కారణం ఏమై ఉంటుందో తర్వాత చదివాను. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, ఉడికించినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి. అవి వదిలే విషాల్లో ఒకటి ఎంత వేయించినా పోదు. అంటే నేను చెప్పిన శాస్త్రం సగం. బ్యాక్టీరియా వేడికి చచ్చినా అది వదిలిన విషం మిగిలే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్ళకి చెప్పే సూత్రాలు తేలికైనవే. వండింది రెండు గంటలకి మించి బయట ఉంచొద్దు, 5 డిగ్రీల లోపు చల్లగా దాచండి, మళ్ళీ వేడి చేస్తే లోపలిదాకా 70 డిగ్రీలు దాటేలా పొగలు కక్కేటట్టు వేడిచేయండి. పెద్ద గిన్నెడు అన్నం త్వరగా చల్లారదు, వెడల్పాటి పళ్ళెంలో పరిచి చల్లారిస్తే త్వరగా ఫ్రిజ్‌లోకి వెళ్తుంది. బూజు పట్టిన బ్రెడ్‌లో బూజున్న ముక్క ఒక్కటే తుంచి మిగతాది తినే అలవాటు కూడా ఆ వాంతుల రోజుతోనే మానేశాను. మెత్తటి పదార్థాల్లో బూజు పోగులు కంటికి కనిపించనంత లోతుకి వెళ్తాయి.

ఆ రోజు నోట్‌బుక్‌లో మా పిల్లలు నా పేరు రాసి, "ఎంత" గడిలో "ఒక పూట" అని రాశారు.

ఫ్రీజర్ గురించి నాకు రెండు మనసులున్నాయి. అది గొప్ప సాయం. మిగిలిన సూప్, కోసిన కూరగాయలు, నీళ్ళు కలిపి ఐస్ ట్రేలో పోసిన కొత్తిమీర తరుగు, అన్నీ నెలల తరబడి ఉంటాయి. ఆ చలిలో సూక్ష్మజీవులు పెరగవు. అయితే చాలావరకు చావవు కూడా, కరిగించగానే మళ్ళీ మొదలవుతాయి. కానీ వాయిదా వేసే మనిషికి ఫ్రీజర్ ఇంకా ప్రమాదం. ఫ్రిజ్ వారమే వాయిదా ఇస్తుంది, ఫ్రీజర్ ఏడాది ఇస్తుంది. మంచు పట్టిన డబ్బాలో ఏముందో ఏ మానవుడూ చెప్పలేడు. అందుకని పేరూ తేదీ రాయనిది ఫ్రీజర్‌లోకి వెళ్ళదు. ఎప్పుడు తింటామో చెప్పలేనిది కూడా వెళ్ళదు.

ఎరువు చేయడం గురించి కూడా ఇలాగే కాస్త అనుమానం. చెత్త గుట్టల్లో గాలి ఆడకుండా కుళ్ళిన ఆహారం మీథేన్ వదులుతుంది. పండించడం నుంచి పారేయడం దాకా లెక్కేస్తే, ప్రపంచంలో భూమిని వేడెక్కించే వాయువుల్లో 8 నుంచి 10 శాతం నష్టపోయిన, పారేసిన ఆహారం పుణ్యమే. అందుకని తొక్కలూ గింజలూ ఎరువు చేయడం మంచిదే. కానీ బాగున్న కూరని ఎరువు డబ్బాలో వేసి తృప్తిపడితే, పారేయడానికి ఇంకో ముద్దుపేరు దొరికినట్టే.

"ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదికి వచ్చే మనిషికి నీ తర్కాలు, అరలు, ఫొటోలు ఏం పనికొస్తాయి?" అని ఒక స్నేహితురాలు అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఈ పనంతా ఒకరి నెత్తినే పడితే అది మరో టెన్షన్, అంతే. ఆమెకి నేను ఒక్కటే చెప్పాను: చిన్న గిన్నె వాడు. నిజానికి నేను పైన రాసిన చిట్కాలన్నీ కలిపినా చిన్న గిన్నెకి సాటి రావు. మనం ఎక్కువ వండేది ఆకలి చూసి కాదు, "చాలకపోతే ఎలా?" అన్న భయంతో. నోట్‌బుక్ నెలలో మాకు చాలకపోయింది ఎన్నిసార్లని వెతికితే రెండుసార్లు. ఆ రెండుసార్లూ తలో గుడ్డూ, తలో బ్రెడ్ ముక్కా కాల్చుకుని తిన్నాం. ఎవరూ దాన్ని కష్టంగా గుర్తుపెట్టుకోలేదు. మిగిలిపోయింది ఎన్నిసార్లో లెక్కపెట్టడం సగంలో ఆపేశాను.

మొన్న రాత్రి మళ్ళీ కూర మిగిలింది. సరిగ్గా రెండు గరిటెలే. గాజుగిన్నె కోసం చేయి దానంతటదే పైకి వెళ్ళింది. ఆగి, అందరినీ పిలిచి, రేపు ఇది ఎవరు తింటారని అడిగాను. ఒకరు ఫోన్ చూసుకున్నారు, ఒకరు నవ్వారు. అట్టులో పెట్టిస్తానన్నాను. కూర అంత బాగా కుదరలేదని చివరికి ఒకరు ధైర్యం చేసి చెప్పారు. నిజమే, కుదరలేదు. అక్కడికక్కడే పారేశాను, బాగున్నప్పుడే. చేయి కాస్త వణికింది. నోట్‌బుక్ తీసి రాశాను: కూర. రెండు గరిటెలు. ఉప్పు ఎక్కువైంది, పెద్ద గిన్నెలో వండాను.